అరణ్యమున అతిథిధర్మము

వేసవి సెలవులు రాగానే గృహస్థులు పిల్లలతో కూడి ప్రయాణములకు సిద్ధపడుదురు. పూర్వము ఈ ప్రయాణములు పుణ్యక్షేత్రములకు గాని, బంధువుల ఇండ్లకు గాని జరుగుచుండెడివి. నేడు వానికి తోడు జాతీయవనముల సందర్శనము కూడ ఒక యాత్రగా పరిణమించినది. తిరుమలలో స్వామిదర్శనము ముగించుకొని తలకోనకు పోవువారు, శ్రీశైలమున మల్లికార్జునుని సేవించి నల్లమల అడవిలోనికి పోవువారు పెక్కుమంది కలరు. గోడల నడుమ పెరుగుచున్న పిల్లలకు కొండను, కోనను, స్వేచ్ఛగా తిరుగు మృగమును చూపవలెనను కోరిక మెచ్చదగినదే. అయితే ప్రతి యాత్రకును ఒక విధి యుండును, ఒక ఫలముండును. తీర్థమునకు పోవువాడు పాటింపవలసిన నియమములను పెద్దలు చెప్పియున్నారు. మరి అడవికి పోవువాడు ఎట్లు పోవలెను? పిల్లవానికి అక్కడ ఏమి చూపవలెను? ఏది లభించిన ఆ యాత్ర సఫలమైనట్లు? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచును గాని, విచారించినచో గృహస్థధర్మము యొక్క మూలము వరకు పోవును.

లోకమున సామాన్యముగా వాడుకలో నున్న కొలత ఒకటి కలదు. అడవినుండి మరలివచ్చిన కుటుంబమును ఇరుగుపొరుగువారు “పులి కనబడినదా?” అని అడుగుదురు. కనబడలేదని చెప్పినచో “అయ్యో, అంత దూరము పోయి దండుగ!” అందురు. ప్రక్కన నిలిచిన పిల్లవాడు ఈ మాటను వినును. ఆ ఒక్క మాటతో వాని మనస్సున మూడు భావములు నాటుకొనును. అడవి యున్నది తనకు కనబడుటకే యనునది మొదటిది. పైకము చెల్లించినందున మృగము తనకు బాకీపడియున్నదనునది రెండవది. కంటికి కనబడనిది లేనట్లే యనునది మూడవది. ఈ మూడును అజ్ఞానములే. పిల్లవాడు అడవిలో ఈ మూడింటినే నేర్చుకొని వచ్చినచో, ఆ యాత్ర చేయకుండుటయే మేలు.

మొదట జాతీయవన మనగా నేమో తెలిసికొనవలెను. 1972వ సంవత్సరమున భారతప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసినది. ఆ చట్టము ననుసరించి, వన్యప్రాణుల రక్షణకై ప్రత్యేకింపబడిన అడవియే జాతీయవనము. అచ్చట వేట నిషిద్ధము, పశువులను మేపుట నిషిద్ధము, మృగములను వేధించుట నిషిద్ధము, నేలను చెత్తతో నింపుట నిషిద్ధము. ఏడుకొండల స్వామి వెలసిన శేషాచల ప్రాంతమున సుమారు 353 చదరపు కిలోమీటర్ల అడవి 1989వ సంవత్సరమున శ్రీవేంకటేశ్వర జాతీయవనముగా ప్రకటింపబడినది. 2010వ సంవత్సరమున శేషాచల పర్వతశ్రేణి యంతయు జీవావరణ రక్షితప్రాంతముగ గుర్తింపు పొందినది. తిరుపతి దాపున జంతుప్రదర్శనశాల యొకటి కలదు. అది ప్రదర్శనకై ఏర్పడినది; అచ్చట జంతువును మనుష్యునకు చూపుదురు. జాతీయవన మట్టిది కాదు. అచ్చట జంతువు తన బ్రదుకు తాను బ్రదుకుచుండును. మనుష్యుడే కొంతసేపు లోనికి రానీయబడును. ఈ భేదమును పిల్లవానికి బయలుదేరుటకు ముందే విడమరచి చెప్పవలెను.

ఈ భావన నిన్న మొన్న పుట్టినది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అభయవనమును పేర్కొని, అందు నివసించు మృగములను, పక్షులను, మత్స్యములను పట్టినవానికిని చంపినవానికిని కఠినదండమును విధించెను. అశోకచక్రవర్తి తన ఐదవ స్తంభశాసనమున, చంపరాని ప్రాణుల జాబితాను చెక్కించి, అడవులను నిష్కారణముగా గాని ప్రాణిహింసకై గాని తగులబెట్టరాదని శాసించెను. అభయవనమను పేరునే కొంచెము నిదానించి చూడవలెను. అభయ మెవరికి? అందు ప్రవేశించు మనుష్యునకు కాదు. అందు నివసించు ప్రాణికి. దానములలో అభయదానము మిక్కిలి గొప్పదని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. అట్టి దానమును పూర్వము రాజు, నేడు రాజ్యాంగము, ఆ ప్రాణులకు ఇచ్చియున్నవి. ఆ వనపు వాకిలి దాటువాడు, మరియొకరికి ఇచ్చిన మాట నిలిచియున్న చోట అడుగుపెట్టుచున్నాడన్నమాట. ఆ మాటను భంగపరచినచో అది కేవలము మర్యాదాలోపము కాదు, దత్తాపహారము.

దుష్యంతమహారాజు కథ ఇందుకు చక్కని నిదర్శనము. కాళిదాసు శాకుంతలనాటకమున ఆ రాజు లేడిని తరుముచు కణ్వాశ్రమ సమీపమునకు వచ్చును. అది ఆశ్రమమృగమని తపస్వులు వారింపగా, ఎక్కుపెట్టిన బాణమును వెంటనే ఉపసంహరించును. పిదప ఆశ్రమమున ప్రవేశింపబోవుచు తన ఆభరణములను, ధనుస్సును సారథి చేతికిచ్చి, వినీతవేషముతో లోనికి పోవును. భూమి నంతటిని ఏలువానికి ఒక తపోవనమున ప్రవేశించుటకు ఈ నియమ మేల? ఆ వనము తన రాజ్యములోనిదే. ఐనను అది తన యిల్లు కాదని అతడెరుగును. ఇతరుల యింట అతిథిగా నిలుచుట యెట్లో తెలిసినవాడు కనుకనే అతడు రాజు. నేటి గృహస్థుడు కారు దిగి అడవిలో అడుగిడునపుడు విడువవలసిన ఆభరణములు కొన్ని కలవు. పెద్ద గొంతు ఒకటి, పాటల పెట్టె ఒకటి, తొందర ఒకటి. వీనిని తండ్రి విడిచినచో పిల్లవాడు చెప్పకయే విడుచును. తండ్రి విడువనిచో ఎన్ని చెప్పినను విడువడు.

సొంత యింట పెరుగు పిల్లవానికి చుట్టునున్నదంతయు తనకొరకే అమర్చబడియుండును. అన్నము తనకొరకు, ఆటవస్తువు తనకొరకు, తలిదండ్రుల లాలన తనకొరకు. ఇది బాల్యమున సహజమే. కాని జీవితమున ఎప్పుడో ఒకప్పుడు, తనకొరకు ఏర్పడని ప్రపంచ మొకటి కలదని మనుష్యుడు తెలిసికొనవలెను. ఆ తెలివి కష్టముల రూపమున ఆలస్యముగా వచ్చినచో మిక్కిలి బాధించును. అదియే బాల్యమున ఒక అడవిలో, తలిదండ్రుల చేయి పట్టుకొని యున్నపుడు వచ్చినచో ఆనందమును కలిగించును. దుప్పి తలయెత్తి పిల్లవానిని ఒక క్షణము చూచి, మరల గడ్డి మేయుటలో నిమగ్నమగును. అది పిల్లవానిని ద్వేషింపలేదు, లెక్కచేయనూ లేదు. దాని పని దానిదే. అహంకారనిర్మూలనమునకు ఇంతకంటె మృదువైన పాఠము మరొకటి యుండునా?

ఇక కనబడని పులి సంగతి. శేషాచలమున చిరుతపులి కలదు, ఎలుగుబంటి కలదు, రేచుకుక్కలు కలవు, రాత్రులందు చెట్లకొమ్మల మీద మెల్లగా సంచరించు దేవాంగపిల్లి కలదు. వీనిలో పెక్కు పగటివేళ మనుష్యునకు కనబడవు. చిరుత తన మచ్చల మేనితో ఎండుటాకుల నీడలో పదిబారల దూరమున నున్నను కనబడక పోవచ్చును. కనబడకుండుటయే దానికి రక్ష. కాని కనబడనంత మాత్రమున తెలియబడకుండునా? తర్కశాస్త్రము చదువు విద్యార్థికి మొదట చెప్పు ఉదాహరణమే కొండను గూర్చినది. కొండమీద పొగ కనబడుచున్నది, కావున అచ్చట నిప్పు కలదు. నిప్పు కంటికి కనబడలేదు. ఐనను జ్ఞానము కలిగినది. ప్రత్యక్షమొక్కటే ప్రమాణము కాదు, అనుమానము కూడ ప్రమాణమే.

ఈ శాస్త్రమును పిల్లవానికి బోధించుటకు అడవిబాటను మించిన పాఠశాల లేదు. తడిమట్టిలో ఒక అడుగుజాడ యున్నదనుకొందము. తండ్రి వంగి పిల్లవానికి దానిని చూపవలెను. నాలుగు వ్రేళ్ల గుర్తులు, వాని వెనుక వెడల్పైన మెత్త యున్నవి. గోళ్ల గుర్తులు లేవు. పిల్లి జాతి మృగములు నడచునపుడు గోళ్లను లోనికి ముడుచుకొనును. కుక్క జాతి మృగముల గోళ్లు నేలను తాకును. కావున ఈ త్రోవన నడచినది కుక్క కాదు, చిరుత కావచ్చును. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను పంచావయవములును ఆ మట్టిలోనే లభించినవి. ఇంతలో చెట్టుమీది కొండముచ్చు హఠాత్తుగా కర్కశముగా అరచును. దుప్పి చెవులు రిక్కించి ఒక్కసారి కూయును. వానికి కనబడిన దేదో మనుష్యునకు కనబడలేదు. ఐనను ఆ అరపును విని నిలిచిన పిల్లవాని ఒడలు గగుర్పొడుచును. ఆ క్షణమున వాడు చూచిన దేమియు లేదు, తెలిసికొన్నది మాత్రము చాల కలదు. కనబడనిదాని సన్నిధిని అనుభవించుట అలవడిన మనస్సునకే, కాలాంతరమున, కనబడని పరమాత్మయందు విశ్వాసము నిలుచును. అట్లుగాక, పులి కనబడలేదు కనుక అడవి దండుగ యని నేర్చిన మనస్సు, అడిగిన వరము దొరకలేదు కనుక దేవుడు లేడనుటకు ఎంతో దూరమున లేదు.

ఆలయమున స్వామికి ఏకాంతసేవ జరిగిన పిదప తలుపులు మూయుదురు. ఎంత దూరమునుండి వచ్చిన భక్తుడైనను అప్పుడు వేచియుండవలసినదే. దానిని ఎవరును అన్యాయమని యనరు. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల సంరక్షణకేంద్రము వంటి పెక్కు పులుల అడవులు వానకాలపు నెలలలో సందర్శకులకు మూయబడును. అప్పుడు పోయినవారు కొందరు ద్వారము కడ అధికారులతో వాదులాడుదురు. పిల్లల యెదుట ఇట్లు వాదులాడుట కంటె, “నాయనా, వారి యింట ఇది విశ్రాంతివేళ. తలుపు తీసినపుడు వత్తము” అని మరలిపోవుటలోనే యాత్రాఫలము సగము కలదు.

ఇచ్చట ధర్మసూక్ష్మమొకటి విచారింపవలసి యున్నది. కొండదారులందు కారు నాపి, కోతులకు అరటిపండ్లు, బిస్కత్తులు, మరమరాలు పెట్టుట చాలమంది పుణ్యకార్యముగ భావింతురు. ఆ పెట్టుటను పిల్లలచేత చేయింతురు. పూర్వపక్షము ఇట్లుండును: పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి కదా! ఆకలిగొన్న ప్రాణికి పిడికెడు పెట్టుట తప్పెట్లగును? పైగా వానరము హనుమత్స్వరూపము. చిన్నతనముననే పిల్లలకు దాతృత్వము నేర్పవలదా?

దీనికి సమాధానము శాస్త్రముననే కలదు. గీతయందు భగవానుడు దానమును మూడు విధములుగ విభజించి, తగిన దేశమున, తగిన కాలమున, తగిన పాత్రకు ఇచ్చునదియే సాత్వికమని తెలిపెను. భూతయజ్ఞము గృహస్థుడు తన యింట, తన అన్నమునుండి చేయునది. వాకిట వ్రాలిన కాకికి, గడపకు వచ్చిన ఆవుకు పెట్టు ముద్ద అది. అడవి కోతికి అడవియే అన్నపూర్ణ. అది పండును తిని గింజలను దూరముగ వెదజల్లును. ఆ గింజలనుండి చెట్లు మొలచును. బాట ప్రక్కన బిస్కత్తునకు మరిగిన కోతి లోపలి చెట్లను మరచును. వాహనముల క్రింద పడును. పెట్టనివాని చేతినుండి లాగుకొనును, పసిపిల్లలను కరచును. పిమ్మట ఆ కోతినే దుష్టమృగమని తరుముదురు. దానిని దుష్టముగ చేసినదెవరు? అంతియకాదు. పారవేసిన అన్నమునకు పందులు, కుక్కలు చేరును. వానికొరకు చిరుత మనుష్యుల బాట దాపునకు వచ్చును. ఒక పిడికెడు మరమరాలు ఎంత దూరము పోవునో పెట్టినవాడు ఎరుగడు. ఎరుగకపోయినను ఫలము తప్పదు. దేశకాలముల నెరుగని దయ కొన్నిచోట్ల హింసకు మారుపేరగును. పెట్టకుండుట కూడ దయయే యని పిల్లవానికి చెప్పుట కష్టము. కాని చెప్పవలసినది అదియే. వాని దాతృత్వమునకు ఇంటి వాకిలి చాలును.

చేతిలో నున్న వస్తువు మనస్సును మార్చును. దీనిని సీతాదేవి రామాయణమున అరణ్యకాండయందు శ్రీరామునకు ఒక కథగా చెప్పినది. తపస్సు చేసికొనుచున్న ఒక మునికడకు ఇంద్రుడు యోధుని రూపమున వచ్చి, ఒక ఖడ్గమును దాచుమని యిచ్చి పోయెను. అది పరుల సొమ్ము కదా యని ముని దానిని విడువక, కందమూలములకు పోవునపుడు కూడ వెంట గొనిపోవుచుండెను. క్రమక్రమముగా ఆ ఖడ్గమే ఆయన మనస్సును క్రూరముగ మార్చినది, తపస్సు నశించినది. ముని చెడ్డవాడు కాడు, ఖడ్గమును కోరి తెచ్చుకొననూ లేదు. నిత్యము చేత నుండుటయే చాలినది. నేడు అడవికి పోవు ప్రతివాని చేతిలో సెల్‌ఫోను కలదు. అది ఖడ్గము కాదు, నిజమే. కాని అది చేత నున్నంతసేపును అడవి యంతయు పటముగా పట్టదగిన వస్తువుగనే తోచును. నెమలి కనబడగానే తండ్రి చేతులు పైకి లేచును, కన్నులు ఆ చిన్న అద్దమునకు అంటుకొనును. పిల్లవాడు మొదట నెమలిని చూచును, తరువాత తండ్రిని చూచును. చూచుట కంటె చూచితినని నలుగురికి చూపుట ముఖ్యమని వాడు గ్రహించును. ఒక పటము తీసికొనుటలో దోషము లేదు. మునివలె దానిని ఎల్లవేళల చేతబట్టి తిరుగుటయందే దోషము.

అడవిని చూపుట యెట్లో కూడ రామాయణమే తెలుపుచున్నది. చిత్రకూటమున శ్రీరాముడు సీతకు కొండను చూపిన ఘట్టము అయోధ్యాకాండలో కలదు. రాజ్యమును కోల్పోయి వచ్చినవాడు పక్షులను, ధాతువులచే రంగురంగులుగ మెరయు శిఖరములను, పూచిన చెట్లను, మందాకినీనదిని ఒక్కొక్కదానిని నిలిచి నిలిచి చూపెను. ఈ సౌందర్యమును చూచుచుండగా రాజ్యము పోయిన దుఃఖము తన్ను బాధింపదని పలికెను. తొందర లేని చూపు అది. తలకోనకు పోవువారు 270 అడుగుల ఎత్తునుండి దుముకు జలపాతమును చూచి, స్నానమాడి, వెంటనే మరలుదురు. దారిలో చెట్టునుండి చెట్టునకు ప్రాకిన గిల్లతీగ మనుష్యుని నడుమంత లావున సాగియుండును. దానిని చూచువారు తక్కువ. ఎర్రచందనపు చెట్టు ప్రపంచమున ఈ తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప సహజముగ పెరుగదు. తన బిడ్డ ఆ చెట్టునీడనే నిలిచినాడని తెలిసిన తల్లి అరుదు. తిరుపతినుండి కొండకు పోవు దారి ప్రక్కన రెండు రకముల శిలలు ఒకదానిపై ఒకటి నిలిచియున్నవి. ఆ రెండింటి పుట్టుకల నడుమ కోట్లకొలది సంవత్సరముల ఎడము కలదని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. యుగములను, కల్పములను సంకల్పమున చెప్పుకొను జాతికి ఆ కాలపరిమాణము రాతిమీద కనబడుచున్నది. ఒక్క నిముసము నిలిచి పిల్లవానిచేత ఆ రాతిని చూపించినచో ఆ సంకల్పమునకు వానికి అర్థము తెలియును.

కంచి వరదరాజస్వామి ఆలయమున బంగారు బల్లి ప్రతిమను భక్తులు వరుసలో నిలిచి తాకుదురు. శేషాచలపు రాతిసందులలో బంగారు వన్నె గల సజీవమైన బల్లి నివసించుచున్నది. దానిని తాకనక్కరలేదు, తాకరాదు కూడ. అది అచ్చట నున్నదని తెలిసి, చీకటి సందువైపు తలవంచి చూచినచో చాలును. ఇట్టి చిన్నప్రాణులను ముందుగా కనిపెట్టువాడు పిల్లవాడే. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పెను. వారిలో భూమి, ఆకాశము, ఏనుగు, లేడి, తుమ్మెద, సాలెపురుగు మున్నగునవి కలవు. ఆ గురువులలో బాలుడు కూడ ఒకడు. మానావమానముల చింత లేక తన ఆనందమున తాను మునిగియుండుటను అవధూత బాలునినుండి నేర్చెను. అడవిబాటలో పిల్లవాడు చీమలబారు కడ కూలబడును. తండ్రి “అక్కడేముంది, రా! ముందు పెద్ద జంతువులున్నాయి” అని చేయి పట్టి లాగును. ఇరువదినలుగురిలో ఒక గురువు మరియొక గురువును చూపుచుండగా, శిష్యుడు కావలసినవాడు ఇద్దరిని విడదీయుచున్నాడు. పిల్లలకు అడవిని చూపుటకని పోయిన పెద్దలు, కొంతసేపు పిల్లలచేత చూపించుకొనుట నేర్చినచో యాత్ర ఉభయులకును ఫలించును.

అయితే అడవి ఆటస్థలము కాదు. 2023వ సంవత్సరము జూన్ నెలలో అలిపిరి నడకదారిన ఒక చిన్న బాలుడు చిరుతవాత బడి, గాయములతో బ్రతికి బయటపడెను. అదే సంవత్సరము ఆగస్టు నెలలో అదే దారిన తలిదండ్రులతో కొండనెక్కుచున్న ఆరేండ్ల బాలిక చిరుతవాత బడి మరణించినది. గోవిందనామము పలుకుచు ఎక్కు మెట్ల దారిలో జరిగిన ఈ దుఃఖమును తలచినపుడు ఏ హృదయమైనను తల్లడిల్లును. ఆ తలిదండ్రుల తప్పొప్పుల నెంచుట ఎవరికిని తగదు. శోకము ఎదుట మౌనమే మర్యాద. కాని దాని పిదప రెండు మాటలు లోకమున వినబడినవి. పిల్లలను అడవిదారుల దాపునకే తీసికొనిపోరాదని కొందరనిరి. చిరుతలను మిగులకుండ ఏరివేయవలెనని మరికొందరనిరి. ఈ రెండును భయమునుండి పుట్టిన మాటలు. భయము సహజమే గాని, అది ధర్మనిర్ణయము చేయజాలదు.

చిరుతకు ధర్మాధర్మవిచక్షణ లేదు. ఆకలియు, స్వభావమును దానిని నడపును. పగ, పాపము, పశ్చాత్తాపము అనునవి దానికి లేవు. విచక్షణ గల ప్రాణి మనుష్యుడొక్కడే. కావున జాగ్రత్త యను భారము మనుష్యునిదే. మహాభారతమున విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, కౌరవులను అడవితోను పాండవులను పులులతోను పోల్చి, అడవి లేక పులి నిలువదని, పులి లేక అడవి నిలువదని, ఒకదానిని మరియొకటి కాపాడుచున్నదని హెచ్చరించెను. రాజనీతికై చెప్పిన ఉపమ ఐనను, ఆ ఉపమానము సత్యమగుటచేతనే నీతి నిలిచినది. పులి లేని అడవిలో దుప్పులు పెచ్చు పెరిగి మొలకలను మేసివేయును. మొలకలు లేని కొండపై వాన నిలువదు. వాన నిలువని కొండ క్రింద తీర్థములు ఎండును. స్వామి కొండ పచ్చగా నుండవలెనని కోరువాడు, ఆ పచ్చదనమునకు కావలి కాయువానిని కూడ సహింపవలెను.

మరి పిల్లల రక్షణ మాట? అది తలిదండ్రుల ప్రథమధర్మము; దానికి తరువాతనే యాత్ర. ఆ దుర్ఘటన పిదప 2023లో 15 ఏండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల తరువాత నడకదారిన పంపకుండ దేవస్థానమువారు కట్టడి చేసిరి. పెద్దలను గుంపులుగా నడువుమనిరి, చేతికఱ్ఱల నిచ్చిరి. ఇట్టి నియమములు విధింపబడినపుడు “మా నడక మొక్కు చెడినది” అని విసుగుకొనువారు కలరు. ఉపవాసమున ఇది తినరాదు, అది త్రాగరాదు అను నియమమును ఆనందముగ పాటించువాడు, అడవి నియమమును మాత్రము అడ్డంకిగ భావించుట వింత. వేళ దాటి నడువకుండుట, గుంపును విడువకుండుట, పసిపిల్లల చేయి విడువకుండుట, ముందునకు పరుగెత్తనీయకుండుట ఆ యాత్రకు వ్రతాంగములే. పిల్లవానిని బెదరించి నడపనక్కరలేదు. “ఇది చిరుత తిరుగు చోటు. అది నిన్ను వెదకుచు రాదు, కాని దాని వేళలో దాని దారికి మనము అడ్డుపోరాదు” అని చెప్పినచో చాలును. భయమునకును జాగ్రత్తకును భేదము తెలియుట విద్యలలో గొప్ప విద్య. భయపడినవాడు ద్వేషించును, జాగ్రత్తపడినవాడు గౌరవించును.

చివరకు అడవినుండి వెలువడువేళ వచ్చును. పిల్లవాని చొక్కా జేబులో ఒక నెమలి ఈకయో, నునుపైన రాయియో, ఎర్రని కఱ్ఱముక్కయో యుండును. వాడు దొంగ కాడు; ఇష్టపడిన దానిని తనతో నుంచుకొనవలెనని కోరుట బాల్యస్వభావము. ఇచ్చటనే తలిదండ్రులకు కడపటి పరీక్ష. “ఒక్క రాయికేమి” అని చూడనట్లుండుట సులభము. కాని తీసికొనిపోవువారు ఒకరు కారు, వత్సరమునకు లక్షలమంది. ఒక్కొక్క చెట్టు చొప్పున శేషాచలమున ఎర్రచందనమును నరికినవారు కూడ “ఒక్క చెట్టుకేమి” అనియే మొదలిడియుందురు. చిన్న రాతికిని పెద్ద దుంగకును పరిమాణమున భేదమే గాని, భావమున భేదము లేదు. అస్తేయమను యమమును పతంజలి యోగశాస్త్రమున రెండవ అంగమునకును ముందే నిలిపినాడు. ఆసనము, ప్రాణాయామము దాని తరువాతివి. పిల్లవాని ప్రక్కన కూర్చుండి, ఆ యీకను ఇరువురును మరియొకసారి చక్కగా చూచి, దాని కన్నులలోని నీలిమను లెక్కించి, దొరికిన చోటనే వానిచేత పెట్టించవలెను. లాగుకొని పారవేసినచో వానికి దుఃఖము మిగులును. వాడే పెట్టినచో త్యాగము మిగులును.

క్షేత్రమునకు పోయినవాడు ప్రసాదమును తెచ్చి బంధుమిత్రులకు పంచును. అడవికి పోయినవాడు పంచుటకు ఏమియు తెచ్చుకొనడు. ఐనను వాడు రిక్తహస్తముతో వచ్చినట్లు కాదు. పెట్టవలెనని చేయి సాచి ఆపుకొనుట, తీసికొనవలెనని వంగి లేచుట, అరవవలెనని నోరు తెరచి మూయుట — ఈ మూడు చిన్న నిగ్రహములు పిల్లవానికి ఆనాడు అలవడినవి. ఇవి ఇంటికి వచ్చిన తరువాత, అన్నదమ్ముల నడుమ, తోటిపిల్లల నడుమ, పెరిగి పెద్దవాడై లోకమున నిలిచినపుడు పనికివచ్చును. తనది కాని యింట తలవంచి నిలిచి, ఆ యింటివారి శాంతికి భంగము రాకుండ మరలివచ్చుట తెలిసినవానికి, ఈ భూమియే అట్టి యింటిదని, తానిక్కడ కొన్నాళ్ల అతిథి యని తెలియుటకు ఎక్కువ కాలము పట్టదు. ఆ తెలివియే వైరాగ్యమునకు మొదటిమెట్టు. దానిని బోధించుటకు గ్రంథములు పెక్కు కలవు. పిల్లవానికి మాత్రము ఒక అడవిబాటయు, మెల్లగా మాటలాడు తలిదండ్రులును చాలును.